పెరట్లోని పెద్ద చెట్టు: సంరక్షణ, చట్టం, పంపకాలు

మన ఇళ్లలో పెరటి చెట్టు వయసెంత అని అడిగితే ఏళ్లు చెప్పరు. ‘ముత్తాత ఇక్కడికి వచ్చిన కొత్తలో నాటాడట’ అంటారు. బళ్లారి, హోసూరు, బరంపురం, షోలాపూర్... ఎక్కడైనా ఇదే మాట. మనవాళ్లు ఆ ఊళ్లో ఎప్పుడు స్థిరపడ్డారో చెప్పే కాగితాలు చాలా ఇళ్లలో లేవు. వేపో, చింతో, మామిడో మాత్రం ఉంది. అలాంటి చెట్టును నిలుపుకోవడానికి తెలుసుకోవాల్సిన విషయాలను ఇక్కడ ఒకచోట చేర్చాం.

వేళ్ల చుట్టూ నేల

ముసలి చెట్టుకు గొడ్డలి ఒక్కటే శత్రువు కాదు. వాకిట్లో బండలు పరిచినప్పుడు, ప్రహరీ పునాది తవ్వినప్పుడు కూడా దానికి దెబ్బ తగులుతుంది. కొమ్మల చివర్లు ఎండడం కొన్నేళ్లకు గాని కనబడదు. అప్పటికి కారణం ఎవరికీ గుర్తుండదు.

నీటినీ పోషకాలనూ పీల్చే సన్నని వేళ్లు ఎక్కువగా పైన ఉన్న రెండడుగుల మట్టిలోనే ఉంటాయి. అవి కొమ్మల నీడ దాటి కూడా పాకుతాయి. వాటికి గాలి కావాలి. అందుకే చెట్టు మొదట్లో మట్టి పోసి ఎత్తు చేయకూడదు, నీడ పడినంత మేరా సిమెంటు వేయకూడదు. బండలు తప్పనిసరైతే సందులు వదిలి ఇసుక మీద పరచండి. చుట్టూ అరుగు కట్టాలనుకుంటే మానును ఆనించి కట్టవద్దు. సెప్టిక్ ట్యాంకు, బోరు, మురుగు కాలువ తవ్వకాలను నీడకు అవతలికి జరపండి.

వేసవిలో నీళ్లు పోసేది మాను దగ్గర కాదు, నీడ అంచున. రోజూ కాసిన్ని పోయడం కంటే పది పదిహేను రోజులకోసారి లోతుగా తడపడం మేలు. రాలిన ఆకులను తగలబెట్టకుండా మూడు నాలుగు అంగుళాల మందాన అక్కడే పరచండి. మానుకు మాత్రం తగలనీయకండి.

కొమ్మలు, తొర్రలు, చెదలు

తల మొత్తం నరికి మోడు చేస్తే చెట్టు మళ్లీ చిగురిస్తుంది కానీ, ఆ కొత్త కొమ్మలకు పట్టు తక్కువ. గాలికి ముందు అవే విరుగుతాయి. ఎండినవి, ఇంటి మీదికి వచ్చినవి మాత్రమే తీయించండి.

బరువైన కొమ్మను ఒకే కోతతో తీస్తే అది మాను బెరడును చీల్చుకుంటూ పడుతుంది. మానుకు మూరెడు దూరంలో ముందు కింది నుంచి కొంత కోసి, దానికి కాస్త అవతల పైనుంచి కోయాలి. మిగిలిన మొండిని చివరగా తీయాలి. కొమ్మ మానును కలిసేచోట ఉబ్బెత్తుగా మెడలాంటి భాగం ఉంటుంది. కోత దానికి బయటే పడాలి, ఎందుకంటే గాయం పూడ్చుకునే శక్తి ఆ మెడకే ఉంది. తారు, పెయింటు పూయనక్కర్లేదు.

తొర్రను సిమెంటుతో పూడ్చడం పాత అలవాటు. చెట్టు గాలికి ఊగుతుంది, సిమెంటు ఊగదు. పైగా లోపల తేమ నిలిచి కుళ్లు పెరుగుతుంది. తొర్రను అలాగే వదిలేయడం మంచిది.

చెదలు చాలాసార్లు చచ్చిన చెక్కనే తింటాయి. మట్టి గూళ్లను గీకేసి, మొదట్లో పడి ఉన్న ఎండు కర్రలు తొలగిస్తే సగం పని అయినట్టే. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెదలు పట్టినప్పుడు 2018లో సెలైన్ సీసాలతో మందును చుక్కలుగా ఎక్కించారు, ఒరిగిన కొమ్మలకు ఆధారాలు కట్టారు. అది నిపుణుల పర్యవేక్షణలో జరిగిన పని. ఇంట్లో ఎవరూ సొంతంగా చేయవద్దు.

మర్రి ఉన్నవాళ్లు ఊడలను కోయకండి. చెన్నై అడయారు మర్రి దివ్యజ్ఞాన సమాజం సొంత స్థలంలో ఉంది. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి ఆ చెట్టు కింద ప్రసంగించారు. 1989 గాలివానకు దాని అసలు మాను కూలింది. చెట్టు ఊడల మీదే నిలిచింది.

ప్రమాదం ఉంటే

చెట్టు మీద ప్రేమతో మనుషుల ప్రాణాలు పణం పెట్టకూడదు. మాను మొదట్లో గట్టి పుట్టగొడుగులు రావడం, కొత్తగా ఒరగడం, ఒక పక్క నేల పగిలి పైకి లేవడం ప్రమాద సూచనలు. 1996 తుపాను యానాంలో, 2013 ఫైలిన్ బరంపురంలో, 2016 వర్దా చెన్నైలో ఎన్ని చెట్లను కూల్చాయో మనం చూశాం. తీర ప్రాంతాల్లో ఉన్నవాళ్లు ఏటా వానాకాలానికి ముందే చెట్టును పరీక్ష చేయించాలి.

చట్టం ఏమంటుంది?

‘మా స్థలం, మా చెట్టు’ అన్న మాట అన్నిచోట్లా చెల్లదు.

కర్ణాటకలో 1976 నాటి వృక్ష సంరక్షణ చట్టం సొంత స్థలంలోని చెట్లకూ వర్తిస్తుంది. నరకాలంటే వృక్ష అధికారి అనుమతి కావాలి. కొబ్బరి, సరుగుడు, నీలగిరి, సిల్వర్ ఓక్ వంటి కొన్నింటికి మినహాయింపు ఉంది.

మహారాష్ట్ర పట్టణాల్లో 1975 చట్టం ప్రకారం వృక్ష ప్రాధికార సంస్థ అనుమతి తీసుకోవాలి. 2021 సవరణతో 50 ఏళ్లు, ఆపైన వయసున్నవి వారసత్వ వృక్షాలయ్యాయి. చెట్టును తీస్తే దాని వయసు ఎన్నేళ్లో అన్ని మొక్కలు నాటాలన్న నిబంధనా వచ్చింది.

తమిళనాడులో తాటిచెట్టు నరకడానికి కలెక్టరు అనుమతి తప్పనిసరి అని 2021లో ప్రభుత్వం ప్రకటించింది. ఒడిశాలో కలప తరలింపునకు 1980 నుంచి అటవీశాఖ రవాణా నియమాలున్నాయి. యానాంలో కోతకు ముందు మున్సిపాలిటీని, అటవీ విభాగాన్ని అడగండి.

తాజ్‌మహల్ చుట్టూ ఉన్న రక్షిత ప్రాంతంలో, ప్రైవేటు స్థలంలో 454 చెట్లు నరికిన కేసులో చెట్టుకు లక్ష రూపాయల చొప్పున జరిమానాను 2025 మార్చిలో సుప్రీంకోర్టు ఖాయం చేసింది.

పంపకాల నాడు

మన ఇళ్లలో చెట్టుకు అసలు గండం భాగాలు పంచుకునే రోజున వస్తుంది. కొలత గీత చెట్టు మీదుగా పోతుంది, లేదా చెట్టున్న వాటా పడినవారికి ఇల్లు కట్టుకునే చోటు తగ్గుతుంది. అప్పుడు ఆ ఒక్కరినే తప్పుపట్టడం న్యాయం కాదు. చెట్టు అందరిదీ అనుకుంటే నష్టం కూడా అందరూ పంచుకోవాలి. చెట్టు, దాని నీడ ఉన్న నేలను ఉమ్మడిగా ఉంచడం ఒక దారి. ఆ వాటాకు మరోచోట నేల కలపడం రెండో దారి. ఏది కుదిరినా నోటిమాటతో వదలకుండా పంపకాల దస్తావేజులో రాయించండి. చెట్టు పేరు, హద్దుల నుంచి దూరం, చుట్టుకొలత, కొమ్మల ఖర్చు ఎవరిది, పండ్లు ఎవరివి అన్నీ అందులో ఉండాలి. ఆ షరతు రేపు కొనేవారికి ఎంతవరకు వర్తిస్తుందో దస్తావేజు రాసే వకీలునే అడగండి.

దానికంటే ముందు ఈ వారమే చేయగల పని ఒకటుంది. నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తులో మాను చుట్టూ టేపు పెట్టి కొలత రాయండి, నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీయండి. ఇంట్లో పెద్దవారిని కూర్చోబెట్టి చెట్టు ఎవరు నాటారు, విత్తనం ఏ ఊరి నుంచి తెచ్చారు అని అడిగి, తేదీ వేసి ఇంటి కాగితాలతో కలిపి పెట్టండి. రేపు అధికారికైనా, అన్నదమ్ములకైనా చూపడానికి అది పనికొస్తుంది.