టీకా కథలోకి సిపాయి ఎప్పుడొచ్చాడు?

టీకా ఎలా పనిచేస్తుందని అడిగితే చాలామంది సైన్యంతో మొదలుపెడతారు. క్రిమి శత్రువు, తెల్ల రక్తకణాలు సిపాయిలు, టీకా వాళ్లకిచ్చే తర్ఫీదు. 2020 జూలైలో హైదరాబాద్ పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రిలో కోవాగ్జిన్ అనే కరోనా టీకా తొలి దశ ప్రయోగాలు మొదలైన నాటికి కరోనా మీద యుద్ధం అన్నమాట అందరి నోటా నలిగిపోయింది.

మన పెద్దలది వేరే ఊహ. మశూచి వస్తే అమ్మవారు పోసిందన్నారు, వేపమండలు కట్టారు, పోచమ్మకు మొక్కారు. వచ్చింది శత్రువు కాదు, శాంతింపజేయాల్సిన తల్లి. 1796లో ఎడ్వర్డ్ జెన్నర్ ఎనిమిదేళ్ల పిల్లవాడికి ఆవు మశూచి రసి ఎక్కించినప్పుడు ఆయన దగ్గరా సిపాయిలు లేరు. ఫలితం కనబడింది, కారణం తెలియలేదు.

సిపాయి 1882లో ఇటలీలోని మెస్సీనాలో పుట్టాడు. ఇల్యా మెచ్నికోవ్ అనే రష్యన్ శాస్త్రవేత్త అద్దంలా పారదర్శకంగా ఉండే నక్షత్రచేప లార్వాలో ముల్లు గుచ్చాడు. మర్నాడు చూస్తే ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి. ఒంటికి సొంత కాపలా ఉందన్న ఊహకు ఊపిరి పోసింది ఆ ముల్లే. తర్వాత జర్మనీలో పాల్ ఎర్లిక్ తాళం, తాళంచెవి పోలికను అందుకున్నాడు. ఎమిల్ ఫిషర్ 1894లో ఎంజైముల గురించి చెప్పిన పోలిక అది. ఏ విషానికి తగిన ప్రతిదేహం (యాంటీబాడీ) దానికే అతుక్కుంటుందని ఎర్లిక్ వాదన. 1908లో మెచ్నికోవ్, ఎర్లిక్ ఇద్దరికీ కలిపి నోబెల్ ఇచ్చారు.

సిపాయి పోలికతో నాకు పేచీ ఉంది. శత్రువు అనగానే, 'ఆ శత్రువునే నా బిడ్డ ఒంట్లోకి ఎక్కిస్తారా?' అని తల్లికి దిగులు పుడుతుంది. అంతకంటే టీకాను నాటకం రిహార్సల్‌తో పోల్చడం నయం. చాలాసార్లు ఒక్కసారి ఆడితే పాఠం నిలవదు, అందుకే రెండో డోసు. రిహార్సల్‌లోనూ అలసట ఉంటుంది, అదే ఆ రాత్రి వచ్చే జ్వరం. ఎంత సాధన చేసినా అసలు రోజున తడబాటు ఉండొచ్చు, కానీ నాటకం ఆగిపోదు.

ఏ పోలికైనా సీసాలో ఏముందో చెప్పదు. కోవాగ్జిన్‌లో ఉన్నది రసాయనంతో చంపిన వైరస్. వరప్రసాదరెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో తెచ్చిన హెపటైటిస్-బి టీకాలో వైరసే లేదు, ఈస్ట్ కణాల్లో తయారైన దాని పైపొర ప్రొటీన్ మాత్రమే ఉంది. తట్టు టీకాలో బలం తగ్గించిన సజీవ వైరస్ ఉంటుంది. టీకా వేసే అక్కలూ, డాక్టర్లూ, పోలిక తర్వాత చెప్పొచ్చు. ముందు సీసాలో ఏముందో చెప్పండి.