రేడాన్ నివారణ కార్యక్రమాలు (అమెరికా)
ఇళ్లలో పేరుకునే రేడాన్ వాయువును తగ్గించేందుకు అమెరికాలో అమలవుతున్న ప్రజారోగ్య చర్యలు. నేలలోని యురేనియం క్రమంగా క్షీణించగా పుట్టే ఈ వాయువుకు రంగు, వాసన ఉండవు. పునాది పగుళ్ల గుండా ఇంట్లోకి చేరి, ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు దారితీస్తుంది. పొగతాగేవారికి ముప్పు మరింత ఎక్కువ.

1984లో పెన్సిల్వేనియాలోని లిమరిక్ అణువిద్యుత్ కేంద్రంలో స్టాన్లీ వాట్రస్ అనే ఇంజనీరు వద్ద రేడియేషన్ అలారం మోగింది. కారణం ఆయన ఇంట్లోని రేడానేనని తేలింది. ఇళ్లలోని రేడాన్‌ను తగ్గించేందుకు 1988లో అమెరికా కాంగ్రెస్ ప్రత్యేక చట్టం చేసి, రాష్ట్రాల కార్యక్రమాలకు నిధులు సమకూర్చింది. లీటరు గాలిలో రేడాన్ 4 పికోక్యూరీలు (రేడియోధార్మికత కొలమానం) లేదా అంతకు మించి ఉంటే మరమ్మతు చేయించాలని పర్యావరణ పరిరక్షణ సంస్థ సూచిస్తుంది. ఇందుకు పునాది కిందికి గొట్టం దించి, ఫ్యానుతో వాయువును లాగి పైకప్పు మీదుగా బయటికి పంపుతారు. ఇంట్లో రేడాన్ ఉందో లేదో తెలుసుకోవడానికి పరీక్ష ఒక్కటే మార్గం.