మారుమనస్సు (క్రైస్తవ సిద్ధాంతం)

మనిషి తన పాపాన్ని పాపంగా గుర్తించి, దానికి దుఃఖించి, దానిని విడిచి దేవునివైపు తిరగడాన్ని క్రైస్తవ విశ్వాసంలో మారుమనస్సు అంటారు. తెలుగు ప్రొటెస్టంటు సంఘాలలో ఇది నిత్య వ్యవహారంలో ఉన్న మాట కాగా, కతోలికులు హృదయ పరివర్తనం అనే మాటను ఎక్కువగా వాడతారు. హైదరాబాదులో ఈ బోధకు ప్రధాన స్థానమిచ్చిన సంఘాలలో హెబ్రోను ప్రసిద్ధమైనది. చిక్కడపల్లి, ముషీరాబాదుల మధ్య గోల్కొండ చౌరస్తా వద్ద 1950లో బోధకుడు బక్త్ సింగ్ (1903–2000) దీనిని స్థాపించాడు.

నిజమైన మారుమనస్సును దేనినిబట్టి గుర్తించాలనే ప్రశ్నకు బైబిలు కన్నీటికంటే క్రియలనే ఎక్కువగా సాక్ష్యంగా చూపుతుంది. లూకా సువార్త 3వ అధ్యాయంలో, బాప్తిస్మమిచ్చే యోహాను వద్దకు వచ్చి ఏమి చేయాలని అడిగిన వారిలో సుంకరులను, అంటే రోమా ప్రభుత్వం తరఫున పన్నులు వసూలు చేసేవారిని, నిర్ణయించినదానికంటే ఎక్కువ తీసుకోవద్దనీ, సైనికులను బెదిరించి డబ్బు గుంజవద్దనీ అతడు ఆదేశించాడు. ఎవరి పాపం ఏ వృత్తిలో పెరిగిందో వారి మార్పు అక్కడే కనబడాలన్నది ఈ జవాబుల సారం. అదే సువార్త 19వ అధ్యాయంలో జక్కయ్య అనే సుంకరి అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానని మాట ఇచ్చాడు. మోషే ధర్మశాస్త్రం ఇటువంటి అపరాధాలకు అసలుతోపాటు అందులో అయిదవ వంతు కలిపి చెల్లించమని చెప్పగా, జక్కయ్య దానినీ మించిపోయాడు. హాని పొందినవానికి సొమ్మునో పరువునో తిరిగి ఇచ్చే ఈ పనిని సంఘాలలో తప్పు సరిచేసుకోవడం, సమాధానపడడం అనే మాటలతో చెబుతారు.

అయితే తిరిగి ఇవ్వడం ఒక్కటే గురుతు కాదని యేసును అప్పగించిన యూదా ఇస్కరియోతు కథ హెచ్చరిస్తుంది. అతడు నిరపరాధిని పట్టించానని ఒప్పుకున్నాడు, అందుకు పుచ్చుకున్న ముప్పది వెండి నాణేలను దేవాలయంలో పారవేశాడు, ఆపైన ప్రాణం తీసుకున్నాడు. అంటే ఒప్పుకోలు, దుఃఖం, సొమ్ము వాపసు అన్నీ ఉన్నాయి. క్షమాపణ దొరుకుతుందన్న నమ్మకంతో దేవునివైపు తిరగడం మాత్రం లేదు. యేసు పట్టుబడిన రాత్రి ఆయనను ఎరుగనని ముమ్మారు బొంకిన శిష్యుడు పేతురు వెక్కి వెక్కి ఏడ్చినా శిష్యుల మధ్యకు తిరిగి వచ్చాడు. కొరింథీయులకు రాసిన రెండవ పత్రిక 7వ అధ్యాయంలో అపొస్తలుడైన పౌలు దేవుని చిత్తానుసారమైన దుఃఖానికీ, మరణానికి దారితీసే లోక సంబంధమైన దుఃఖానికీ చేసిన విభజనను వ్యాఖ్యాతలు ఈ ఇద్దరి కథలతో వివరించడం పరిపాటి.

కతోలిక సంప్రదాయంలో పశ్చాత్తాపం ఒక దివ్య సంస్కారం, అంటే దేవుని కృపను అందించేదిగా సంఘం ఆచరించే పవిత్ర కర్మ. ఇందులో విశ్వాసి మనస్తాపపడి, గురువు ఎదుట పాపాలను చెప్పుకొని, ఆయన విధించిన ప్రాయశ్చిత్తాన్ని నెరవేరుస్తాడు. ఏడాదికి ఒక్కసారైనా ఇలా చెప్పుకోవాలన్న నియమం 1215 నాటి నాలుగవ లాటరన్ మహాసభది. 1517లో మార్టిన్ లూథర్ తన 95 ప్రతిపాదనలను విశ్వాసి జీవితమంతా పశ్చాత్తాపమే కావాలన్న భావంతో మొదలుపెట్టాడు. ప్రొటెస్టంటు సంఘాలు క్రమంగా గురువు మధ్యవర్తిత్వాన్ని విడిచి, పాపి నేరుగా దేవునితో ఒప్పుకోవడాన్నే ప్రధానం చేశాయి.

హెబ్రోను బోధ ఈ రెండవ మార్గానిది, దానికి దాని స్థాపకుని జీవితమే తొలి ఉదాహరణగా నిలిచింది. పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టిన బక్త్ సింగ్ విద్యార్థిగా ఉన్నప్పుడు తనకిచ్చిన బైబిలు పుటలను చించివేసి, అందంగా ఉందని అట్టను మాత్రం ఉంచుకున్నట్టు తానే సాక్ష్యం చెప్పేవాడు. ఇక్కడ సాక్ష్యం అంటే విశ్వాసి తన మార్పును సంఘం ఎదుట వివరించడం. ఇంజనీరింగు చదువుకై 1926లో ఇంగ్లండు వెళ్లిన అతడు, 1929 డిసెంబరులో కెనడాలోని విన్నిపెగ్‌లో కొత్త నిబంధన చదువుతూ విశ్వాసంలోకి వచ్చి, 1932లో వాంకూవర్‌లో బాప్తిస్మం పొందాడు. 1933లో బొంబాయి చేరినప్పుడు, ఈ సంగతి రహస్యంగా ఉంచమన్న తల్లిదండ్రుల కోరికను అంగీకరించలేదు. 1937లో నేడు పాకిస్తానులో ఉన్న మార్టిన్‌పూర్ గ్రామంలో అతని బోధతో వచ్చిన ఉజ్జీవంలో, అంటే సంఘమంతటా ఒక్కసారిగా కలిగే ఆత్మీయ మేల్కొలుపులో, బహిరంగ ఒప్పుకోళ్లతోపాటు తప్పులు సరిచేసుకోవడమూ జరిగింది. తెలుగు నేలకు ఇది అంతకుముందే పరిచయమైన దృశ్యం. 1906లో బాప్టిస్టు మిషను కేంద్రాలలో ఇటువంటి కదలికే వచ్చింది.

హెబ్రోనులోనూ దాని అనుబంధ సంఘాలలోనూ శిశువులకు బాప్తిస్మం ఉండదు. మారుమనస్సు పొందానని స్వయంగా చెప్పగలిగినవారికే ఇస్తారు. లేవీయకాండం 23వ అధ్యాయం ఆధారంగా ఏటా జరిగే పరిశుద్ధ సమావేశాలలో వివిధ ప్రాంతాల, కులాల విశ్వాసులు ఒకే పంక్తిలో కూర్చొని ప్రేమవిందు భోజనం చేయడాన్ని కూడా మారిన మనసుకు ఆచరణ రూపంగా చూడవచ్చు. కులం పట్టింపు నిలిచి ఉన్నచోట పాపాన్ని విడిచానన్న మాటకు బరువు తక్కువే.

బహిరంగ ఒప్పుకోలుపై అభ్యంతరాలూ ఉన్నాయి. పెద్ద కూటంలో ఏడుపు ఒకరినుంచి ఒకరికి పాకుతుంది. ఒకరి ఒప్పుకోలులో వేరొకరి పరువు పోవచ్చు. అందువల్ల అనేక సంఘాల కాపరులు రహస్య పాపాన్ని దేవుని వద్ద, ఒక వ్యక్తికి చేసిన అన్యాయాన్ని ఆ వ్యక్తి వద్ద, అందరికీ తెలిసినదానిని మాత్రమే సంఘం ఎదుట ఒప్పుకోవాలని సలహా ఇస్తారు. హాని పొందినవాడు బతికి లేకపోతే ఏమి చేయాలన్నదానికి సంఖ్యాకాండం 5వ అధ్యాయంలో విధి ఉంది: ఆ సొమ్ము అతని బంధువుకు, బంధువు లేనప్పుడు యాజకునికి చెందుతుంది. తర్వాతి కాలపు క్రైస్తవ ఆచారం ఈ చివరి వాటాను బీదలకు మళ్లించింది.