యాడి కుట్టిన చరిత్ర

పోయిన ఏడాది సంక్రాంతి సెలవులకు ముందు మా హాస్టలు గేటు దగ్గరికి ఒక ముసలామె వచ్చింది. తొమ్మిదో తరగతి చదివే మనవరాలిని ఇంటికి తీసుకుపోవడానికి. పేటియా, కాంచళి, నెత్తి మీద టుక్రి, మోచేతుల పైదాకా తెల్లటి గాజులు. పక్కనున్న పిల్లలు "ఎవరే ఆమె?" అని అడిగితే మన పిల్ల "మా తండా ఆమె" అంది. "మా దాది" అనలేదు. ముసలామె విన్నది. విననట్టే ఉండి, సంచిలోంచి జొన్నరొట్టె తీసి పిల్ల చేతిలో పెట్టింది.

ఆ పిల్లను మేము తిట్టలేదు. మాకు ఆ హక్కు లేదు. మా యాడి కాంచళిని మేమే, అక్కచెల్లెళ్ళం కలిసి, పాత బట్టలకు సామాన్లిచ్చే అతనికి వేసి రెండు స్టీలు గిన్నెలు తీసుకున్నాం. అప్పటికి మా బి.ఎడ్. కూడా అయిపోయింది. మొగలుల పన్నుల విధానం గురించి బోర్డు నిండా రాసి చెప్పగలం. ఇంట్లో దండెం మీద వేలాడుతున్నది కూడా చరిత్రే అని మాత్రం తట్టలేదు. యాడి గిన్నెలు చూసి "బాగున్నాయి" అంది. ఆమె పోయాక ఆ మాట ఎన్నిసార్లు గుర్తుకొచ్చిందో చెప్పలేం.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మన గోర్ బోలికి సొంత లిపి లేదు. మన గురించి రాసిపెట్టింది ఎక్కువగా బయటివాళ్ళే. 1632లో పీటర్ మండీ అనే ఇంగ్లీషు వర్తకుడు ఆగ్రా నుంచి పాట్నా పోతూ దారిలో బంజారాల తండాను చూశాడు. పద్నాలుగు వేల ఎద్దులు, వాటి మీద గోధుమలు, బియ్యం. ఇల్లూ వాకిలీ, భార్యాపిల్లలూ అంతా తమవెంటే నడిపించుకుపోతారని కూడా రాశాడు. అప్పట్లో తండా అంటే ఊరు కాదు, కదిలిపోయే బిడారు. ఉప్పు, ధాన్యం, పప్పులు ఎద్దుల మీద వేసుకుని ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేర్చడం మన లదేణి. మొగలుల సైన్యాలతో దక్కనుకు వచ్చాం. 1791-92లో మైసూరు మీదికి పోయిన కారన్‌వాలిస్ సైన్యానికి ధాన్యం మోసిందీ మన ఎద్దులే.

పుస్తకాల్లో ఎద్దుల లెక్క ఉంటుంది, నాయకుల పేర్లు ఉంటాయి. ఆ పద్నాలుగు వేల ఎద్దుల పక్కన బిడ్డను చంకనేసుకుని నడిచిన తల్లి గురించి ఒక్క వాక్యంతో సరిపెడతారు. ఆమె సంగతి తెలియాలంటే బట్టను చూడాలి.

ఇల్లు లేనప్పుడు పెట్టె ఎక్కడిది? అందుకే ఉన్నదంతా ఒంటి మీదికే చేరింది. చేతికొచ్చిన వెండి నాణేన్ని కాంచళికి కుట్టేసుకుంటే అదే దాపు. కరువులో ఒకటి ఊడదీసి అమ్ముకోవచ్చు. గవ్వలు కూడా ఒకప్పుడు ఈ దేశంలో చలామణి అయిన డబ్బే, మాల్దీవుల నుంచి వచ్చేవి. నీళ్ళ కుండ కింది చుట్టకుదురుకీ, సంచి అంచులకీ గవ్వలు కుట్టేవాళ్ళు. అద్దాలు ఎందుకంటే ఒక్కో తండాలో ఒక్కో మాట చెబుతారు. అడవిదారిలో జంతువులు బెదురుతాయని కొందరు, దిష్టి తగలదని కొందరు. పేటియా చినిగితే పారేయరు. బాగున్న ముక్కలు ఏరి, పొరలు పేర్చి, బొంత కుడతారు. మా ఇంట్లో పిల్లలందరం అలాంటి ఒక్క బొంత మీదే పెరిగాం. ఝోళి కట్టినా అదే, చలికి కప్పినా అదే.

కూతురి పెళ్ళికి కుట్టే సంచి సంగతి వేరు. తల్లి దాని మీద నెలల తరబడి కూర్చునేది. పొలం పని, పొయ్యి పని అయ్యాక, దీపం వెలుగులో. మన పెళ్ళిలో పిల్ల ఎద్దు మీద నిలబడి పుట్టింటిని తలచుకుని ఏడుపు పాట పాడే ఆచారం మీలో కొందరు చూసే ఉంటారు. లదేణి ఎప్పుడో పోయింది, ఎద్దు మాత్రం పెళ్ళిలో మిగిలింది.

ఆ లదేణి ఎలా పోయింది? రోడ్లు పడ్డాయి, రైలు వచ్చింది. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు నడిచింది. పది రోజులు ఎద్దులు మోసేది ఒక్క పెట్టెలో పోతుంటే మనల్ని పిలిచేదెవరు? అంతకు మూడేళ్ళ ముందే, 1871లో, తెల్లదొరలు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. పుట్టుకతోనే దొంగలని కొన్ని కులాలకు, తెగలకు ముద్ర వేసే చట్టం అది. 1911 తర్వాత మద్రాసు రాజధానికీ వచ్చింది. అక్కడ కొన్నిచోట్ల మనవాళ్ళనూ ఆ జాబితాలో ఎక్కించారు. పేర్లు రాయించుకోవాలి, హాజరు చెప్పాలి, ఊరు దాటాలంటే అడగాలి. మగవాడు పంచె కట్టుకుని గుంపులో కలిసిపోవచ్చు. మన ఆడవాళ్ళను మాత్రం వాళ్ళ పేటియాయే అరమైలు దూరం నుంచి పట్టిచ్చేది. 1952 ఆగస్టు 31న ఆ ముద్ర తీసేశారు. తెలంగాణలో మనల్ని షెడ్యూల్డు తెగల్లో చేర్చింది 1976 సవరణ చట్టం. కాగితం మీద ముద్ర పోయింది కానీ చూసేవాళ్ళ కళ్ళలోంచి అంత తొందరగా పోలేదు. గేటు దగ్గర ఆ పిల్ల పడిన సిగ్గు ఆ పిల్లది కాదు. దానికి దాదాపు నూట యాభై ఏళ్ళ వయసుంది.

ఫిబ్రవరి 15న సేవాలాల్ జయంతికి మా హాస్టలు పిల్లల దాదీలను, నానీలను పిలిచాం. ఆ ముసలామె కూడా వచ్చింది. "పెట్టెలో దాచిన పాత బట్టలు తెండి" అని ముందే చెప్పి పంపాం. ఆమె తెచ్చిన కాంచళి మీద జార్జి రాజు బొమ్మ ఉన్న వెండి రూపాయి, దాని మీద 1919. పిల్లలు వెంటనే "1919లో కుట్టారు మేడమ్" అన్నారు. మాలో టీచరు లేచింది. "కాదు, 1919కి ముందు కుట్టలేదు అని మాత్రమే చెప్పగలం" అన్నాం. ఇంకో వైపు చూస్తే 1947 రూపాయి ఉంది, అది వెండి కాదు, నికెలు. దారం వేరు, కుట్టు వేరు. రెండు చేతులు పనిచేశాయని పిల్లలే పట్టేశారు. "పాత ముక్క మా యాడిది. ఇటువైపు నేను కుట్టుకున్నా" అంది ముసలామె. మనవరాలు ఆ నికెలు రూపాయిని వేలితో చాలాసేపు రుద్దుతూ కూర్చుంది. ఏమీ మాట్లాడలేదు. మేమూ అడగలేదు.

అందరూ మళ్ళీ పేటియా కట్టండని మేము అనడం లేదు. ఆ బరువు, ఆ ఎండలో ఆ ఉక్కపోత మాకు తెలుసు. మా యాడికి పదమూడో ఏట పెళ్ళయింది. ఆమె కుట్లు అందంగా ఉన్నాయని ఆ పెళ్ళి మంచిదైపోదు. మీరు చుడీదార్ వేసుకోండి, ప్యాంటు వేసుకోండి, ఉద్యోగాలు చేయండి.

కుట్టు మాత్రం బతికే దారి ఉంది. కర్ణాటకలోని సండూరులో మన ఆడవాళ్ళ కుట్టుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. రేలో, వేలె, మకి అంటూ పద్నాలుగు రకాల కుట్లకు వాళ్ళు పేర్లు చెబుతారు. 2023 జులైలో హంపిలో జి-20 సమావేశం జరిగినప్పుడు నాలుగు వందల యాభై మందికి పైగా మహిళలు చేసిన 1,755 వస్తువులను ఒకచోట పెడితే గిన్నిస్ రికార్డయింది. మన దగ్గర బజార్లో 'బంజారా బ్యాగు' అని అమ్మేవాటిలో అద్దాలు జిగురుతో అంటించినవి చాలానే కనిపిస్తాయి. తిప్పి చూస్తే తెలిసిపోతుంది.

ఈ వేసవికి ఇంటికి పోయినప్పుడు ఒక పని చేయండి. ఇంట్లో ఉన్న పాత కాంచళి, సంచి, బొంత, ఏదైనా సరే, దాదినో నానినో పక్కన కూర్చోబెట్టుకుని విప్పండి. ఎవరు కుట్టారు, ఎవరి పెళ్ళికి, నాణెం ఎక్కడిది అని అడిగి, వాళ్ళు చెప్పిన మాటను గోర్ బోలిలోనే తెలుగు అక్షరాల్లో రాసుకోండి. సామాన్లవాడు వస్తే గిన్నెలు వద్దనండి. ఫోనులో ఫోటో తీసేటప్పుడు బట్ట వెనక వైపు కూడా తీయండి. ముడులు, అతుకులు, మార్చిన దారం అన్నీ అటువైపే ఉంటాయి.