బొంత నుంచి బ్యాటరీ కోటు దాకా

వైజాగ్ వాళ్ళకి ఉక్కపోత గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. చలి గురించి మాత్రం మనకి పెద్దగా తెలీదు. పక్కనే సముద్రం ఉంది కాబట్టి డిసెంబర్ తెల్లవారుజామున కూడా ఒక పలచటి స్వెట్టరుతో గడిచిపోతుంది. "మాఘ మాసంలో మాకులు కూడా వణుకుతాయి" అని పెద్దవాళ్ళు అంటే విన్నాం గానీ, చెట్లు వణికేంత చలి మన బీచ్ రోడ్డులో ఎప్పుడూ చూడలేదు. అందుకే ఇంట్లో పిల్లలు "బైకుల మీద లంబసింగి వెళ్తున్నాం" అనగానే, ఏం తొడిగి పంపాలో మనకి తోచదు.

మా అబ్బాయి మొన్న ఫోనులో ఒక కోటు చూపించాడు. జేబులో బ్యాటరీ పెట్టి బటన్ నొక్కితే లోపల వేడెక్కుతుందట. "ఇది కొంటే నీకింక బెంగ ఉండదమ్మా" అన్నాడు. మావారు ధర చూసి, "ఇస్త్రీ పెట్టె తొడుక్కుని వెళ్తావేంట్రా" అన్నారు. సరదాకి అన్నా మాట నిజమే. ఇస్త్రీ పెట్టెలో వేడెక్కేదీ, ఆ కోటులో వేడెక్కేదీ ఒకే సూత్రం మీద. కరెంటు సులువుగా పోనివ్వని తీగ గుండా కరెంటు పంపితే తీగ వేడెక్కుతుంది, అంతే. ఆ తీగ బట్టల్లోకి ఎలా వచ్చింది, అది రాకముందు చలిలో బండి నడిపినవాళ్ళు ఏం చేసేవారు అని చదువుతూ పోతే, ఏది కొనాలి, ఏది అక్కర్లేదు అన్నది కూడా తేలింది. అదంతా ఇక్కడ రాస్తున్నాను.

ముందు లంబసింగి సంగతి. చింతపల్లి మండలంలోని ఆ ఊరు నిన్నమొన్నటి దాకా మన విశాఖ జిల్లాలోనే ఉండేది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్ళింది. 1922 ఆగస్టు 22న సీతారామరాజు తన మొదటి దాడి చేసింది ఆ చింతపల్లి పోలీస్ స్టేషన్ మీదే. లంబసింగిని కొర్రబయలు అని కూడా అంటారు. కొర్ర అంటే కర్ర, బయలు అంటే బయట. రాత్రి బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరు. ఊరు దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది. మామూలుగా వెయ్యి మీటర్లు పైకి వెళ్తే ఆరున్నర డిగ్రీల దాకా వేడి తగ్గుతుంది. దానికి తోడు చుట్టూ కొండలు. మబ్బు లేని రాత్రి చల్లబడ్డ గాలి కిందికి జారి లోయలో నిలుస్తుంది. ఇక్కడ మనం ఫ్యాను తిప్పుకుని పడుకున్న రాత్రే అక్కడ చలిమంటలు వేసుకుంటారు.

అయితే థర్మామీటరు చూపించే చలి వేరు, బండి మీద తగిలే చలి వేరు. 1940-41 ప్రాంతంలో పాల్ సైపుల్, చార్లెస్ పాసెల్ అనే ఇద్దరు అమెరికన్లు అంటార్కిటికాలో నీళ్ళు నింపిన చిన్న ప్లాస్టిక్ గొట్టాన్ని గాలిలో వేలాడదీసి, ఏ గాలికి ఎంతసేపట్లో గడ్డకడుతుందో కొలిచారు. గాలి పెరిగిన కొద్దీ ఒంటి వేడి ఎంత త్వరగా పోతుందో లెక్కగట్టడం అలా మొదలైంది. 2001లో అమెరికా, కెనడా సవరించుకున్న లెక్క ప్రకారం చూస్తే, 10 డిగ్రీల చలిలో గంటకు 60 కిలోమీటర్ల గాలి తగిలితే ఒంటికి 5 డిగ్రీల చలిలా ఉంటుంది. 5 డిగ్రీల చలిలో అదే గాలి తగిలితే సున్నాకి రెండు డిగ్రీలు కిందకి వెళ్ళినట్టే. నడిచేవాడికి కాళ్ళూ చేతులూ ఆడి వేడి పుడుతుంది. బండి మీద వాడు కదలకుండా కూర్చుంటాడు, గాలి మాత్రం ఆగకుండా కొడుతూనే ఉంటుంది.

మన అమ్మల భయమంతా జలుబు చేస్తుందనీ, జ్వరం వస్తుందనీ. అసలు భయపడాల్సింది చేతివేళ్ళ గురించి. చలి పెరిగినప్పుడు ఒళ్ళు గుండెనీ, పొట్టనీ కాపాడుకోవడానికి వేళ్ళకి వెళ్ళే రక్తాన్ని తగ్గించేస్తుంది. వేళ్ళు మొద్దుబారతాయి. ఘాట్ మలుపులో, పొగమంచులో, ఎదురుగా బస్సు వచ్చినప్పుడు బ్రేకు నొక్కాల్సింది ఆ వేళ్ళతోనే.

ఇంక బట్టల చరిత్రకి వద్దాం. మన ఇళ్ళలో చలికి మొదటి సమాధానం బొంత. అమ్మమ్మలు పాత చీరలు నాలుగైదు పొరలు పరిచి, దగ్గర దగ్గరగా కుట్లు వేసి కుట్టేవారు. ఆ చీరల్లో ఏ ఒక్కటీ వెచ్చగా ఉండేది కాదు. పొరకీ పొరకీ మధ్య చిక్కుకున్న గాలే వెచ్చదనం ఇస్తుంది. బట్ట వేడిని పుట్టించదు, మన ఒంట్లో పుట్టిన వేడిని బయటికి పోనివ్వదు. ఇప్పుడు రైడింగ్ దుకాణాల్లో 'లేయర్లు' అంటూ అమ్ముతున్నది ఈ బొంత తెలివే. కానీ బొంతలో ఒక లోటుంది. గదిలో కప్పుకుంటే సుఖం, ఎదురుగాలిలో కప్పుకుంటే కుట్ల సందుల్లోంచి గాలి దూరి లోపలి వెచ్చటి గాలిని తోసేస్తుంది.

మన ఊరికి ఉన్ని బట్టలు టిబెటన్ల దుకాణాలతో బాగా దగ్గరయ్యాయి. 1959 తర్వాత మన దేశానికి వలస వచ్చిన టిబెటన్లకి కర్ణాటకలోని బైలకుప్పెలోనూ, మనకి దగ్గరగా ఒడిశా గజపతి జిల్లా చంద్రగిరిలోనూ కాలనీలు ఏర్పడ్డాయి. చలికాలంలో ఊరూరా స్వెట్టర్లు అమ్మడం వాళ్ళకి జీవనోపాధి అయింది. వైజాగ్‌లో కూడా శీతాకాలం వచ్చిందని మనకి తెలిసేది వాళ్ళ దుకాణాలు వెలిసినప్పుడే. మంకీ టోపీలు, మఫ్లర్లు, చేతి తొడుగులు అన్నీ అక్కడే. అయినా అల్లిన స్వెట్టరుది కూడా బొంత కథే. నిలబడితే వెచ్చన, బండెక్కితే జల్లెడ.

ఈ సంగతి మన మగవాళ్ళు ఎవరూ చెప్పకుండానే కనిపెట్టారు. మావారు పెళ్ళయిన కొత్తలో తెల్లవారు షిఫ్టుకి స్కూటరు మీద వెళ్ళేవారు. చొక్కాకీ స్వెట్టరుకీ మధ్య ముందురోజు న్యూస్‌పేపరు మడిచి పెట్టుకునేవారు. నాకు నవ్వొచ్చేది. కాగితంలోంచి గాలి దూరదు, అదీ అందులోని కిటుకు. విదేశాల్లో సైకిల్ పందేలవాళ్ళు కొండ దిగేటప్పుడు ఇదే పని చేసేవారని తర్వాత చదివాను.

ఆ కిటుకుకి ఒక పెద్ద కథ కూడా ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో విమానాలకి పైకప్పు ఉండేది కాదు. పైలట్లు ఎదురుగాలిలోనే కూర్చోవాలి. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలట్ ఒకరోజు అర్జంటుగా విమానం ఎక్కాల్సివచ్చి, మరమ్మతు చేసేటప్పుడు వేసుకున్న నూనె మరకల ఓవరాల్‌తోనే వెళ్ళిపోయాడు. దిగాక చూస్తే తోటివాళ్ళందరూ గడ్డకట్టుకుపోయి ఉన్నారు, తను మాత్రం బాగానే ఉన్నాడు. బట్టకి పట్టిన నూనె, గ్రీజు గాలిని దూరనివ్వలేదని గ్రహించాడు. 1917లో మూడు పొరలతో ఒక సూటు కుట్టించాడు. లోపల బొచ్చు, మధ్యలో గాలి దూరని పట్టు, పైన గట్టి నేత గుడ్డ. సిడ్‌కాట్ సూటు అని దానికి పేరొచ్చింది, బ్రిటిష్ వైమానిక దళం చాలా ఏళ్ళు వాడింది. మన బొంతకి గాలి దూరని పొర ఒకటి కలిపితే సిడ్‌కాట్ అన్నమాట.

విద్యుత్తుతో వేడెక్కే సూట్లు కూడా ఆ యుద్ధం చివర్లోనే వచ్చాయి. కానీ వాటి అవసరం బాగా తెలిసింది రెండో ప్రపంచ యుద్ధంలో. మన విశాఖ మీద 1942 ఏప్రిల్ 6న జపాన్ బాంబులు పడిన యుద్ధమే అది. అమెరికన్ బాంబర్లు ఐరోపా మీద ఇరవై ఐదు వేల అడుగుల ఎత్తున ఎగిరేవి. అక్కడ చలి సున్నాకి నలభై డిగ్రీలు కింద. తలుపులు తీసి ఉంచిన విమానంలో తుపాకీ పట్టుకుని గంటల తరబడి నిలబడే మనిషికి ఎన్ని పొరలు తొడిగినా చాలవు. అప్పుడు జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ తయారుచేసిన సూట్లు ఇచ్చారు, విమానం కరెంటుకి ప్లగ్ పెట్టుకుని వాడేవి. మొదట్లో వచ్చిన వాటిలో తీగలన్నీ వరసగా కలిపారు. మన దీపాల తోరణంలో ఒక బల్బు పోతే దండంతా ఆరిపోయినట్టు, ఒక గ్లవ్ తీగ తెగితే సూటంతా చల్లబడిపోయేది. తర్వాతి సూట్లలో తీగల్ని విడివిడిగా కలిపి సరిచేశారు. సొంత వేడిని దాచుకునే దశ దాటి, బయటి నుంచి వేడి అరువు తెచ్చుకోవడం అక్కడ తప్పనిసరి అయింది.

మోటారుసైకిల్ వాళ్ళకి అది అందింది 1970లలో. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని యూనియన్ అనే చిన్న ఊళ్ళో మెషీన్ షాపు నడిపే గార్డన్ గెర్బింగ్, చలిలో బైకు మీద వచ్చేవాళ్ళ అవస్థ చూసి, బండి బ్యాటరీ నుంచే కరెంటు తీసుకునే బట్టలు తయారుచేశాడు. అక్కడి బళ్ళు పెద్దవి, ప్రయాణాలు రోజుల తరబడి, చలి నెలల తరబడి. మన దగ్గర 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ తయారీ మొదలైంది. సైన్యం సరిహద్దు గస్తీకి ఆ బండి కోరడమే అందుకు కారణం. మంచు కొండల మీద దాన్ని నడిపిన సైనికులు కోట్లతో, తోలు గ్లవ్స్‌తోనే నెట్టుకొచ్చారు.

ఇప్పుడు కొనేటప్పుడు చూసుకోవలసిన లెక్క. వేడెక్కే కోట్లు రెండు రకాలు. బండికి తీగ కలిపేవి 70 నుంచి 90 వాట్ల దాకా తీసుకుంటాయి, గ్లవ్స్ జత ఇంకో పాతిక, ముప్పై. 2017 ఏప్రిల్ నుంచి వచ్చిన మన బళ్ళకి హెడ్‌లైటు ఎప్పుడూ వెలిగే ఉంటుంది. చిన్న బళ్ళలో దానికి పోగా మిగిలే కరెంటు తక్కువ. మెకానిక్‌ని అడగకుండా కలిపితే కొండ మీద బ్యాటరీ డౌనైపోయి కూర్చోవాల్సిందే. రెండో రకం పవర్ బ్యాంకుతో నడిచేది. మామూలు 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకులో ఉండేది సుమారు 37 వాట్-గంటలు. పది వాట్ల వెస్ట్ అయితే మూడు గంటలు వస్తుందేమో. ఎనభై వాట్ల వేడి కావాలంటే అరగంట కూడా రాదు. అందుకే ప్రకటనలో ఎన్ని గంటలని రాశారో కాదు, ఎన్ని వాట్లో చూడాలి.

జాగ్రత్తలు కూడా ఉన్నాయి. తీగ ఒంటికి నేరుగా తగలకుండా లోపల ఒక బనీను ఉండాలి. ఎక్కువసేపు ఒకేచోట తగిలితే, సన్నటి వేడికి కూడా చర్మం కమిలిపోతుంది. షుగరు వల్ల స్పర్శ తగ్గినవాళ్ళు డాక్టరుని అడగకుండా వాడకూడదు. బ్యాటరీ ఉబ్బినా, తడిసినా పక్కన పెట్టేయాలి.

మా ఇంట్లో తేలిందేమిటంటే, కోటు వద్దు. లోపల బనీను, దాని మీద స్వెట్టరు, పైన వానాకాలం కోసం కొన్న రెయిన్‌కోటు. అదే మన సిడ్‌కాట్. మెడ సందులోంచి గాలి దూరకుండా మఫ్లరు. డబ్బు పెట్టాల్సింది మంచి గ్లవ్స్ మీద. ఇంకో షరతు కూడా పెట్టాను. అర్ధరాత్రి ఇక్కడ బయలుదేరి తెల్లారేసరికి మబ్బులు చూడాలనే పరుగు వద్దు, ముందురోజు పగలే ఘాట్ ఎక్కి రాత్రి అక్కడ ఉండాలి. నిద్ర లేని కళ్ళకి, పొగమంచుకి ఏ కోటూ అడ్డుపడదు.

లద్దాఖ్ వెళ్ళే పిల్లలకీ, కెనడాలోనో అమెరికాలోనో చలికాలంలో బండి నడిపే మనవాళ్ళకీ లెక్క వేరు. అక్కడ పొరలతో ఆగని చలి ఉంటుంది, వేడెక్కే బట్టకి పెట్టిన డబ్బు వృథా కాదు. అయినా పైన గాలి దూరని పొర లేకపోతే ఆ కరెంటంతా కిటికీలు తీసి హీటరు పెట్టినట్టే.

ఏ కోటు వేసుకున్నవాళ్ళకైనా ఒక చిన్న పరీక్ష చెప్పి పంపండి. దారిలో బండి ఆపినప్పుడల్లా గ్లవ్ తీసి, బొటనవేలిని చిటికెనవేలికి తాకించి చూడమనండి. అవి కలవకపోతే ఆ చేత్తో బ్రేకు కూడా పట్టలేరు. రోడ్డు పక్కన టీ కొట్టు దగ్గర ఆగి, వేడి గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, వేళ్ళు మళ్ళీ మాట వినేదాకా కూర్చోమనండి.