పెనుకొండలో రాజు అడిగిన పాట

అనంతపురం నుంచి బెంగళూరు వెళ్ళే రోడ్డులో పెనుకొండ దగ్గరికి రాగానే బస్సులో సగం మంది కియా ఫ్యాక్టరీ వైపు చూస్తారు. నేను కొండ వైపు చూస్తాను. అక్కడ ఒక రాజు ఒక కవిని ఒక పాట అడిగాడు. కవి పాడనన్నాడు. దీన్ని భక్తి గెలిచిన కథగా చెప్పడం అలవాటు. నాకు మాత్రం అది ఆడగొంతుతో రాసే మగవాళ్ళ కథ.

ఆ మాట అనగానే మనకు చలం గుర్తొస్తాడు. 1927 నాటి 'మైదానం' మొత్తం రాజేశ్వరి తన నోటితో చెప్పుకునే కథే. కానీ అంతకు నాలుగు వందల ఏళ్ళకు పైగా ముందే తాళ్ళపాక అన్నమయ్య (1408–1503) జీవితమంతా ఆ పని చేశాడు. తిరుమల రాగిరేకుల్లో దొరికిన తాళ్ళపాక వారి సంకీర్తనలు 12 వేలకు పైగానే. వాటిలో ఎక్కువ భాగం శృంగారం. పాడేది అలమేల్మంగ, లేదా ఆమె చెలికత్తె, లేదా అలిగి తలుపేసుకున్న ఎవరో ఒక నాయిక. ఒక మగవాడు ఇన్ని వేలసార్లు ఆడమనిషిగా కోప్పడ్డాడు, ఎత్తిపొడిచాడు, రాత్రంతా ఎదురుచూశాడు.

పెనుకొండ సంగతి మనకు చెప్పింది ఆయన మనవడు చిన్నన్న, 'అన్నమాచార్య చరిత్రము' అనే ద్విపదలో. సాళువ నరసింహరాయలు అన్నమయ్యను పిలిపించుకుని పాడమన్నాడు. అప్పుడు పాడినది, పెదవి మీద కస్తూరి మరకేమిటని చెలులు తమలో తాము తర్కించుకునే పాట అంటారు. రాజు మురిసిపోయాడు. అలాంటిదే నా మీద ఒకటి చెప్పు అన్నాడు. హరిని పొగిడే నాలుకతో నిన్ను పొగడనని కవి చెవులు మూసుకున్నాడు. సంకెళ్ళు వేయించారు. ఆయన పాడితే అవి ఊడిపోయాయట. ఊడాయా లేదా అన్నది వదిలేద్దాం.

నాకు ఆసక్తి రాజు అడిగిన దాని మీద. అతను తన యుద్ధాల మీద పద్యం అడగలేదు. ఒక స్త్రీ తన కోసం తపించే పాట అడిగాడు. అంటే ఆ పాట ఎలా పని చేస్తుందో అతనికి బాగా తెలుసు. అందులో గొంతు ఆమెది, కానీ పాట మధ్యలో ఒక కుర్చీ ఉంటుంది. దానిలో ఎప్పుడూ ఒక మగవాడే కూర్చుంటాడు. తిరుమలలో దేవుడు కూర్చున్నాడు, పెనుకొండలో రాజు కూర్చోబోయాడు. అన్నమయ్య కుర్చీని రాజుకు ఇవ్వలేదు, నిజమే. కానీ కుర్చీని తీసేయనూ లేదు.

17వ శతాబ్దానికి వచ్చేసరికి ఆ మొహమాటం కూడా పోయింది. క్షేత్రయ్య నాయిక ఎక్కువగా మువ్వగోపాలుడితోనే మాట్లాడినా, కొన్ని పదాల్లో తంజావూరు విజయరాఘవుడితో కూడా మాట్లాడింది. (క్షేత్రయ్యను తక్కువ చేయడం లేదు. అంత వాడిగా మాట్లాడే ఆడవాళ్ళు మన సాహిత్యంలో తర్వాత కూడా తక్కువే.)

ఆ తంజావూరులోనే, మరాఠా ప్రతాపసింహుడి కొలువులో, 18వ శతాబ్దంలో ముద్దుపళని 'రాధికా సాంత్వనము' రాసింది. ఈసారి రాసింది కూడా ఆడమనిషే. పేరు చూస్తేనే తెలుస్తుంది, ఇక్కడ అలిగింది రాధ, బతిమాలాల్సింది కృష్ణుడు. ఇలాంటివి ఆడదాని నోటి నుంచి రాదగ్గవి కావని కందుకూరి వీరేశలింగం మండిపడ్డాడు. ఆ సిగ్గు ఆడవాళ్ళకేనా, మగ కవులకు అక్కర్లేదా అని బెంగళూరు నాగరత్నమ్మ తిరిగి అడిగి, 1910లో పుస్తకాన్ని అచ్చు వేయించింది. మరుసటి ఏడాదే నిషేధించారు. టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం వచ్చి 1947లో ఎత్తేసేదాకా అది అలాగే ఉంది. మగవాళ్ళు ఆ గొంతుతో పాడినన్నాళ్ళూ అది భక్తి, సంగీతం. ఆ గొంతు గలవాళ్ళు పాడితే పోలీసు కేసు.

ఇంతకీ ఇదంతా నాకెందుకంటే, పోయిన ఏడాది నేనొక కథ రాశాను. శెనక్కాయ చేలో కూలికి పోయే ఒకామె, 'నేను' అంటూ చెప్పే కథ. వాన లేదు, అప్పుంది, కొడుకు ఇంజినీరింగ్ చదువుతున్నాడు. ఆఫీసులో ఇద్దరు ఫ్రెండ్స్ చదివి కళ్ళు తుడుచుకున్నారు. నాకు గర్వంగానే అనిపించింది. సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు మాయమ్మకు చదివి వినిపించాను. ఆమె ఇరవై ఏళ్ళు ఆ పనే చేసింది. చివరిదాకా వినింది.

"కథంతా కొడుకు, కొడుకు అంటాదేమిరా ఆ యమ్మ? చేలో వంగినప్పుడు మాకు వేరే యోచన్లుండవా?" అనింది.

ఏం యోచన్లు ఉంటాయి అని అడిగాను.

"అవి నీకెందుకు చెప్తా?" అని నవ్వి, పొయ్యి కాడికి పోయింది.

నరసింహరాయలు నోరు తెరిచి అడిగాడు. నేను అడక్కుండానే వెళ్ళి కూర్చున్నాను. తిరిగొచ్చే బస్సులో, పెనుకొండ దాటాక, ల్యాప్‌టాప్ తీసి కొడుకు కనిపించే పేరాలన్నీ కొట్టేస్తూ పోయాను. కథ 11 పేజీలుండేది. 2 పేజీలు మిగిలాయి. ఒకదాని నిండా ఎండే ఉంది.