పాతబస్తీ పడవకి ఏ మోటారు?

ఛత్రినాక వైపు ఒక టెంట్‌హౌస్ గోడౌన్ వెనక, ఇటుకల మీద బోర్లించిన పడవ ఒకటి వుంటుంది. 14 అడుగుల ఫైబర్ పడవ. పెళ్ళిళ్ళ సీజన్‌లో దాని మీద షామియానాలు ఆరేస్తారు. కొత్తగా చూసినవాళ్ళు తప్పకుండా ఒక జోకు వేస్తారు: "అన్నా, సముద్రం ఎటు దిక్కు?"

2020 అక్టోబర్ 13 రాత్రి మా వైపు వున్నవాళ్ళెవరూ ఈ జోకు వెయ్యరు. ఆ రోజు ఘట్‌కేసర్ వైపు 30 సెంటీమీటర్లు దాటి కురిసింది. పల్లెచెరువు తెగి, ఫలక్‌నుమా పక్కన అల్ జుబైల్ కాలనీ మునిగింది. నాలుగైదు రోజులకి గుర్రం చెరువు కూడా తెగి హఫీజ్ బాబానగర్ మీద పడింది. గల్లీల్లో రబ్బరు బోట్లు తిరగడం నా జీవితంలో మొదటిసారి అప్పుడే చూశాను. బోట్లు ఊరంతా తిరగాలి కదా, అవి వచ్చేదాకా లారీ ట్యూబులూ, నీళ్ళ డ్రమ్ములూ, ఊడదీసిన తలుపులూ పడవలయ్యాయి. ఆ తర్వాత ఏడాది మేం ఏడుగురం చందాలేసుకుని, మా ఆవిడ మేనమామ ద్వారా ఉప్పాడ నుంచి ఈ పాత పడవని తెప్పించాం. దానితోపాటే 8 హార్స్ పవర్ టూ స్ట్రోక్ మోటారు కూడా వచ్చింది.

ఈ మే నెలలో ఆ మోటారు తాడు లాగితే రాలేదు. ఇద్దరం కలిసి లాగినా రాలేదు. విప్పి చూస్తే పిస్టన్ రింగులు తుప్పుతో సిలిండర్‌కి అతుక్కుపోయి వున్నాయి. మూడేళ్ళుగా దాన్ని ఎవరూ స్టార్ట్ చెయ్యలేదు. ఎవరో చేస్తున్నారని అందరం అనుకున్నాం. కొత్త మోటారు ఎంచుకునే పని నాకు అప్పగించారు, ఇంజనీరునని. నేను చదివింది కంప్యూటర్లు అని చెప్పినా వినలేదు. సరే, నాకు వచ్చిన పనే మొదలుపెట్టాను. ఒక ఎక్సెల్ షీట్ తెరిచాను.

మొదటి కాలమ్ హార్స్ పవర్. ఎవరైనా ముందు అదే అడుగుతారు. నిజానికి అన్నిటికంటే తక్కువ పట్టించుకోవాల్సింది అదే. మా పడవలాంటిది నీటిని చీల్చుకుంటూ పోతుంది, స్పీడ్ బోటులా నీటి మీదకి లేచి జారదు. అలాంటి పడవ వేగానికి దాని పొడవే హద్దు. 14 అడుగులకి ఆ హద్దు గంటకి సుమారు 9 కిలోమీటర్లు. దానికి 5, 6 హార్స్ పవర్ చాలు. వేగం రెట్టింపు కావాలంటే శక్తి దాదాపు 8 రెట్లు కావాలి. 15 హార్స్ పవర్ మోటారు తగిలిస్తే పడవ వెనక భాగం కిందికి దిగిపోతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, అంతే.

ఔట్‌బోర్డ్ మోటారు, అంటే పడవ వెనక చెక్కకి బయట తగిలించే మోటారు, చరిత్ర కూడా చిన్న శక్తితోనే మొదలైంది. నార్వేలో పుట్టి అమెరికాలో పెరిగిన ఓలే ఎవిన్‌రూడ్ అనే మెకానిక్, బెస్ అనే అమ్మాయికి ఐస్‌క్రీమ్ తేవడానికి సరస్సు మీద తెడ్డు వేసుకుంటూ వెళ్ళాడనీ, తిరిగొచ్చేసరికి అది కరిగిపోయిందనీ, ఆ ఉక్రోషంలోంచి మోటారు పుట్టిందనీ కథ చెబుతారు. కథ సంగతి ఎలా వున్నా, 1909లో మిల్వాకీలో అతను అమ్మకానికి పెట్టిన మోటారు శక్తి ఒకటిన్నర హార్స్ పవర్, బరువు 28 కిలోలు. ఇవాళ దాదాపు అంతే బరువులో 6 హార్స్ పవర్ ఫోర్ స్ట్రోక్ మోటారు దొరుకుతుంది. బెస్ తర్వాత అతని భార్య అయింది. వ్యాపారం, ప్రకటనలు చూసుకున్నది ఆవిడే. అప్పటికే ఇలాంటి మోటార్లు చేసినవాళ్ళు వేరే వున్నారు. ఎవిన్‌రూడ్ పేరు నిలబడడంలో ఆ ఇనుముది ఎంత పాత్రో, మామూలు మనిషి కూడా దీన్ని తగిలించుకుని నడుపుకోగలడని జనాన్ని నమ్మించిన ఆవిడదీ అంత పాత్ర.

1909 అనగానే పాతబస్తీ మనిషికి దాని ముందు సంవత్సరం గుర్తొస్తుంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి, 15 వేల మంది వరకు చనిపోయారని చెబుతారు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలో చింతచెట్టు పట్టుకుని 150 మంది దాకా బతికారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రిలో ఇప్పటికీ వుంది. ఈ రెండు తేదీలు పక్కపక్కన చూసుకున్నప్పుడు నాకు ఒక పిచ్చి ఊహ వచ్చింది. ఎవిన్‌రూడ్ ఒక్క ఏడాది ముందు పుట్టించి వుంటే, ఆ మోటార్లు పాతిక మూసీ ఒడ్డున వుండి వుంటే?

ఏమీ అయ్యేది కాదు. గంటకి 9 కిలోమీటర్ల పడవ అంతకంటే జోరుగా పారే నదికి ఎదురు వెళ్ళలేదు. వెనక్కి కొట్టుకుపోతుంది. 1909లో నిజాం ప్రభుత్వం పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య పడవల గురించి ఆలోచించలేదు, నీళ్ళు ఎక్కడినుంచి వచ్చాయో లెక్కపెట్టాడు. పైన పరీవాహక ప్రాంతంలో 788 చెరువులుంటే వాటిలో 221 తెగాయని తేల్చాడు. ఆ లెక్కలోంచే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. మా పల్లెచెరువు, గుర్రం చెరువుల సంగతి తలుచుకుంటే, 2020లో జరిగింది అదే కథలో చిన్న అధ్యాయం. పడవ దానికి జవాబు కాదు. జవాబు పనిచేయని రాత్రికి పడవ. ఇది మనసులో పెట్టుకుంటేనే మోటారు ఎంపికలో పొగరు తగ్గుతుంది.

రెండో కాలమ్‌లో మామయ్యగారు ప్రవేశించారు. ఉప్పాడలో ఫైబర్ పడవలకి మరమ్మతులు చేస్తారాయన. ఫోన్ చేసి నా షీట్ మొత్తం చదివి వినిపించాను. షాఫ్ట్ 15 అంగుళాలా 20 అంగుళాలా, టూ స్ట్రోకా ఫోర్ స్ట్రోకా, ఇలా. ఆయన ఓపిగ్గా విని, "అల్లుడుగారూ, అయ్యన్నీ ఎందుకండీ? పొడుగు తోక ఇంజనొకటి బిగించెయ్యండి. మా కుర్రోళ్ళంతా అయ్యే వాడతన్నారు" అన్నారు.

పొడుగు తోక, అంటే లాంగ్‌టెయిల్. గాలితో చల్లబడే మామూలు ఇంజనుకి రెండు మూడు మీటర్ల ఇనుప కడ్డీ, దాని చివర ఫ్యాను. మెకాంగ్ డెల్టాలో 1960లలో రైతులు చిన్న పెట్రోలు ఇంజన్లని ఇలాగే పడవలకి బిగించుకున్నారు. వియత్నాం భాషలో దాని పేరుకి అర్థం రొయ్య తోక. కొందరు అదే ఇంజనుని పొలంలో నీళ్ళు తోడే పంపుగా మార్చుకున్నారు. థాయిలాండ్‌లోనూ ఇదే పద్ధతి.

మన తీరంలో తెప్పలకి, నావలకి మోటార్లు పెట్టే ప్రయత్నం 1980లలో ఊపందుకుంది. ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ నడిపిన బంగాళాఖాతం కార్యక్రమం 1979లో మొదలై, మద్రాసు కేంద్రంగా, అలల్లోంచి ఇసుక మీదకి లాగేసుకోగల పడవల మీద ఏళ్ళ తరబడి పనిచేసింది. కేరళలో కిరోసిన్‌తో నడిచే జపాన్ ఔట్‌బోర్డులు గెలిచాయి. ఆంధ్ర తీరంలో ఫైబర్ తెప్పల మీద ఎక్కువగా కనిపించేది మాత్రం ఒంటి సిలిండర్ డీజిల్, పొడుగు తోక. ఆ ఇంజన్లు మూడు చక్రాల సరుకు ఆటోల్లో వాడే ఇంజన్లకి దగ్గరి చుట్టాలు. దాన్ని విప్పి బిగించగల చేతులు ఊళ్ళో అప్పటికే వున్నాయి. నేను షీట్‌లో మార్కులు వేసిన పద్ధతిలో అయితే ఆ మోటారు ఓడిపోవాలి. మోత ఎక్కువ, బరువు ఎక్కువ. ఒడ్డున వున్నవాళ్ళ లెక్కలో గెలిచింది.

కానీ మా గల్లీలో అది కుదరదు. రెండు మీటర్ల కడ్డీని అటూ ఇటూ తిప్పడానికి చోటు కావాలి. పైగా చివర ఫ్యాను కాపలా లేకుండా తిరుగుతుంది. సముద్రంలో పడవ చుట్టూ మనుషులుండరు. మా దగ్గర నడుము లోతు నీళ్ళలో మనుషులు పడవ పట్టుకునే నడుస్తారు. ఇది విని మామయ్యగారు కాసేపు ఆగి, "అయితే మీది సముద్రం కాదండీ, సంత" అన్నారు.

బ్యాటరీ మోటారు గురించి కూడా ఆలోచించాం. నా షీట్‌లో దానికే ఎక్కువ మార్కులొచ్చాయి. చప్పుడు లేదు, పొగ లేదు, పాతబస్తీలో ఈ-రిక్షా బ్యాటరీలు చూసేవాళ్ళకి కొదవ లేదు. 12 వోల్టుల చిన్న మోటారు పూర్తి జోరులో 50 ఆంపియర్ల దాకా లాగుతుంది. 30 కిలోల లెడ్ ఆసిడ్ బ్యాటరీ ఒకటి రెండు గంటలు కూడా రాదు. 2020లో నీళ్ళు ఒక రాత్రి, ఒక పగలు దాటి నిలబడ్డాయి, కరెంటు లేదు. క్యాన్‌లో పెట్రోలు ఎవరి బండిలోంచైనా తీసుకోవచ్చు.

చివరికి షీట్ ప్రింటు తీసుకుని శాలిబండలో జనరేటర్లు బాగుచేసే ఉస్తాద్ దగ్గరికి వెళ్ళాను. పెళ్ళిళ్ళకి అద్దెకిచ్చే జనరేటర్లన్నీ ఆయన చేతిమీదుగానే పోతాయి. కాగితం తిప్పి చూసి పక్కన పెట్టారు. "ఇంజన్ ఏదైనా సరే మియా. పుర్జా ఖరాబైతే ఎక్కడికెళ్ళి తెస్తవ్? అది చెప్పు ముందు."

నా షీట్‌లో 11 కాలమ్‌లున్నాయి. అది లేదు.

ఆ ఒక్క ప్రశ్నతో జాబితా సగమైంది. పేరుని నమ్ముకుందామంటే, నూట పదకొండేళ్ళ ఎవిన్‌రూడ్ పేరుతో మోటార్ల తయారీ ఆపేస్తున్నామని ఆ కంపెనీ 2020 మే నెలలోనే ప్రకటించింది, మా గల్లీలు మునగడానికి ఐదు నెలల ముందు. మేం ఎంచుకున్నది 6 హార్స్ పవర్, ఒంటి సిలిండర్, ఫోర్ స్ట్రోక్, 15 అంగుళాల షాఫ్ట్, తాడు లాగి స్టార్ట్ చేసేది. పైన ఇంజను భాగం ఉస్తాద్‌కి కొత్త కాదు. కార్బురేటర్, ప్లగ్గు, వాల్వులు అన్నీ జనరేటర్ భాషే. నీళ్ళలో వుండే కింది సగమే పరాయిది. దానికి కావలసినవి మోటారుతోపాటే కొనేశాం. నీటి పంపులో రబ్బరు ఇంపెల్లర్ ఒకటి, గేరుపెట్టె సీళ్ళు ఒక జత, ఫ్యాను రాయికి తగిలితే గేర్లని కాపాడి తను విరిగిపోయే పిన్నులు ఆరు. ఫ్యాను చుట్టూ ఇనుప పంజరం ఆయనే వెల్డింగ్ చేసిచ్చారు. దాంతో వేగం కొంత పడిపోతుంది. పడిపోనీ. మీరాలం చెరువు మీద పరుచుకునే గుర్రపు డెక్క ఫ్యానుకి చుట్టుకుంటే ఏమవుతుందో, వరదలో చీరలూ ప్లాస్టిక్ సంచులూ అంతే చేస్తాయి. పంజరం వాటిని పూర్తిగా ఆపలేదు గానీ మనిషి కాలిని ఆపుతుంది.

ఇక మిగిలింది పాత మోటారుని చంపిన అసలు జబ్బు, మేమే. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది, అది తేమని పీల్చుకుంటుంది. నెలల తరబడి కార్బురేటర్‌లో వదిలేస్తే బంక, తుప్పు. అందుకని నెలకొక ఆదివారం మోటారుని నీళ్ళు నింపిన నీలం డ్రమ్ముకి చెక్క అడ్డం పెట్టి తగిలిస్తాం. పది నిమిషాలు నడిపి, పక్కన సన్నటి నీటిధార వస్తోందో లేదో చూస్తాం. అది వస్తే పంపు పనిచేస్తున్నట్టు. తర్వాత పెట్రోలు పైపు తీసేసి, వున్నది కాలిపోయేదాకా ఆగుతాం. గేరు ఆయిల్ పాలలా తెల్లబడిందేమో చూస్తాం. తెల్లబడితే నీళ్ళు చేరినట్టు. ఎవరు చేశారో తేదీతో గోడ మీద చాక్‌పీసుతో రాస్తారు. ఎక్సెల్ కంటే గోడే బాగా పనిచేస్తోంది.

మొదటి ఆదివారం అందరం గుమిగూడాం. ఎదురింటి యాదమ్మత్త, 2020లో రాత్రంతా డాబా మీద మనవరాలితో కూర్చున్న మనిషి, కాసేపు చూసి అడిగింది: "మంచిగనే నడుస్తుంది బిడ్డా. గని నీళ్ళొచ్చింది రాత్రి గదా. చీకట్ల గూడ చేస్తరా?"

ఎవరం మాట్లాడలేదు. ఆ సాయంత్రం ఏడున్నరకి గోడౌన్ లైట్లు ఆర్పేసి మళ్ళీ మొదలుపెట్టాం. నాకు చోక్ ఎక్కడుందో దొరకలేదు. నా తర్వాత ఇద్దరు ప్రయత్నించారు. నాలుగోసారి తాడు లాగింది యాదమ్మత్త మనవరాలు, ఇంటర్ చదువుతోంది. స్టార్ట్ అయింది. గోడ మీద ఆ తేదీ పక్కన ఆ పిల్ల పేరే వుంది.